వస్తు నిర్వహణ – మౌలిక భావనలు: భానూర్ క్షిపణి కర్మాగారం నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ అనే శాస్త్రవిభాగాన్ని తెలుగులో "ఉత్పత్తి నిర్వహణ" అని అనువదించడం వాడుకలో ఉంది. ఈ అనువాదం వల్ల తయారీ నిర్వహణకూ, తయారయ్యే వస్తువుపై నిర్ణయాధికారానికీ మధ్య గల భేదం మరుగున పడుతున్నది. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని భానూర్‌లో ట్యాంకు విధ్వంసక క్షిపణుల తయారీని, దానితో ముడివడిన "నాగ్" క్షిపణి చరిత్రను ఆధారంగా చేసుకొని ఆ భేదాన్ని, తత్సంబంధమైన ప్రధాన భావనలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వస్తు నిర్వహణ, తయారీ, అవసరం, గుణాత్మక అర్హతలు, సమగ్ర వస్తువు, జీవితచక్రం, భానూర్, నాగ్ క్షిపణి.

1. పదం దగ్గరే మొదలయ్యే చిక్కు

తెలుగు మాధ్యమంలో అర్థశాస్త్రం చదివిన విద్యార్థికి "ఉత్పత్తి" అనే మాట రెండు అర్థాలలో పరిచితం. "ఉత్పత్తి కారకాలు" అన్నప్పుడు అది ఒక ప్రక్రియ. "స్థూల దేశీయోత్పత్తి" అన్నప్పుడు అది ఆ ప్రక్రియకు ఫలితం. ఒకే పాఠ్యపుస్తకంలో ఈ రెండర్థాలూ పక్కపక్కనే ఉన్నా అక్కడ సందర్భం వల్ల ఇబ్బంది కలగదు. కాని నిర్వహణ శాస్త్రంలోకి వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. కర్మాగారంలో యంత్రాలను, కార్మికులను, ముడిసరుకును, గడువులను సమన్వయం చేయడం ఒక విద్య. అసలు ఏ వస్తువు చేయాలి, ఎవరికోసం చేయాలి, దానిలో ఏ గుణం తప్పనిసరి, ఏది వదులుకోవచ్చు, ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు ఆపాలి అని తేల్చడం వేరొక విద్య. రెండింటికీ "ఉత్పత్తి నిర్వహణ" అనే పేరే పెడితే, మొదటిది తెలిసినవారికి రెండవది కూడా తెలిసినట్లే అనే భ్రమ కలుగుతుంది.

అందువల్ల ఈ వ్యాసంలో మొదటిదానిని "తయారీ నిర్వహణ" అని, రెండవదానిని "వస్తు నిర్వహణ" అని వ్యవహరించడమైనది. "వస్తువు" అనే మాట సాహిత్య విద్యార్థులకు కొత్తది కాదు. కావ్యవస్తువును ఎన్నుకోవడం, దానిని పద్యాలుగా కూర్చడం వేరువేరు పనులని అలంకారశాస్త్రం పరిచయం ఉన్నవారెవరైనా అంగీకరిస్తారు. ఆ భేదమే ఇక్కడా వర్తిస్తుంది.

2. భానూర్: తయారీ ఇక్కడ, నిర్ణయం మరొకచోట

రక్షణ మంత్రిత్వశాఖ అధీనంలోని భారత్ డైనమిక్స్ లిమిటెడ్ 1970లో హైదరాబాదులో ఏర్పడింది. ప్రధాన కర్మాగారం కంచన్‌బాగ్‌లో ఉంది. భానూర్ కర్మాగారం ప్రధానంగా ట్యాంకు విధ్వంసక క్షిపణులకు నెలవు. కాంకర్స్–ఎం, టీ–90 ట్యాంకు ఫిరంగి గొట్టం నుంచి ప్రయోగించే ఇన్వార్ ఇక్కడ తయారవుతాయి. 2022 జూలైలో ఇక్కడ కొత్త వార్‌హెడ్ విభాగం ప్రారంభమైంది. 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఈ ప్రాంతం మెదక్ జిల్లాలో ఉండేది.

సంస్థ తొలిదశలో చేసిన క్షిపణి ఫ్రాన్సుకు చెందిన ఎస్ఎస్–11 బీ1. తరువాత ఫ్రాన్స్, జర్మనీల ఉమ్మడి సంస్థ యూరోమిస్సైల్ నుంచి మిలాన్, సోవియట్ దేశం నుంచి కాంకర్స్ వచ్చాయి. ఇవన్నీ లైసెన్సు తయారీలు. కాంకర్స్ రూపకల్పన రష్యాలోని తులా నగరంలో జరిగింది. అక్కడి సైన్యం దానిని 1974లో స్వీకరించింది. అంటే ఆ వస్తువుకు సంబంధించిన మూలప్రశ్నలన్నిటికీ భానూర్‌లో పని మొదలయ్యేనాటికే వేరెవరో సమాధానం చెప్పి ఉన్నారు.

లైసెన్సు తయారీ సాధారణంగా ఒక క్రమంలో సాగుతుంది. మొదట సగం బిగించిన భాగాలను తెచ్చి కలుపుతారు, తరువాత విడిభాగాలను తెచ్చి బిగిస్తారు, చివరికి ముడిపదార్థం నుంచి స్వయంగా చేస్తారు. ఈ మెట్లు ఎక్కడం తేలిక కాదు. మిల్లీమీటరులో అతి స్వల్పాంశం తేడా వచ్చినా పనికిరాకుండాపోయే భాగాలను వేల సంఖ్యలో ఒకేలా చేయడం గొప్ప నైపుణ్యం. అయితే ఎన్ని మెట్లు ఎక్కినా డ్రాయింగు మీద అధికారం దానంతట అది చేతికి రాదు. భారత రక్షణ వ్యవస్థలో "అథారిటీ హోల్డింగ్ సీల్డ్ పర్టిక్యులర్స్" అనే హోదా ఒకటి ఉంది. ఒక పరికరానికి సంబంధించిన తుది డ్రాయింగులు, ప్రమాణాలు, వాటిలో జరిగిన మార్పుల నమోదు ఆ హోదా గల సంస్థ స్వాధీనంలో ఉంటాయి. కర్మాగారంలో ఒక మరను మార్చాలన్నా ఆ సంస్థ అనుమతి కావాలి. వస్తు నిర్వహణలో "ఆకృతి నియంత్రణ" అనబడే భావనకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకదు. వస్తువు ఎవరిది అనే ప్రశ్నకు అసలైన జవాబు డ్రాయింగును మార్చగల సంతకం ఎవరిదో తెలిస్తే దొరుకుతుంది.

3. సబ్బు కంపెనీ నుంచి క్షిపణుల దాకా

ఈ శాస్త్రం పుట్టుకను గురించి చెప్పేవారు సాధారణంగా 1931 మే 13 నాటి ఒక లేఖను ప్రస్తావిస్తారు. అమెరికాలోని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలో నీల్ మెకెల్రాయ్ అనే యువ ఉద్యోగి కామే సబ్బు ప్రచారం చూస్తుండేవాడు. అదే కంపెనీవారి ఐవరీ సబ్బు నీడలో కామే ఎదగలేకపోతున్నదని గ్రహించాడు. ఒక్కొక్క సరుకుకు ఒక్కొక్క బాధ్యుడు ఉండాలని, అమ్మకాలు ఎక్కడ ఎందుకు తగ్గాయో క్షేత్రానికి వెళ్లి తెలుసుకొని, నివారణోపాయం ఆలోచించి, ఫలితానికి అతడే జవాబుదారీ కావాలని ఆ లేఖలో ప్రతిపాదించాడు.

ఆ లేఖ రాసిన వ్యక్తే 1957 అక్టోబరులో, స్పుత్నిక్ ఎగిరిన కొద్దిరోజులకే, అమెరికా రక్షణ మంత్రి అయ్యాడు. ఆయన హయాంలోనే 1958లో ఆర్పా అనే పరిశోధన సంస్థ ఏర్పడింది. సబ్బుకూ క్షిపణికీ పోలిక ఏమిటని ఆక్షేపించేవారికి ఈ ఒక్క జీవితం సమాధానం.

ఆ కాలంలోనే అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణికి ప్రత్యేక కార్యాలయం నెలకొల్పి, జలాంతర్గామితో సహా మొత్తం వ్యవస్థ బాధ్యతను అక్కడ కేంద్రీకరించింది. 1960 జూలైలో నీటి అడుగు నుంచి తొలి ప్రయోగం జరిగింది. ఆ విజయానికి పెర్ట్ అనే ప్రణాళికా పద్ధతి కారణమని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. 1972లో హార్వే సపోల్స్కీ రాసిన పరిశోధన గ్రంథం ఈ నమ్మకాన్ని గట్టిగా శంకించింది. ఆయన దృష్టిలో పెర్ట్ పటాలు పని నడపడానికంటె బయటివారి జోక్యాన్ని ఆపడానికే ఎక్కువగా ఉపకరించాయి. నిర్వహణ పద్ధతులను పరీక్షల్లో ఐదు మార్కుల ప్రశ్నగా బోధించే అధ్యాపకులు ఈ గ్రంథాన్ని ఒకసారి చూడడం మేలు.

4. అవసరం అంటే ఏమిటి: పందొమ్మిది సెకన్లు

వస్తు నిర్వహణలో తొలి సూత్రం, వినియోగదారుడు కోరే వస్తువును దాని వెనుక ఉన్న అవసరం నుంచి వేరు చేసి చూడడం. భానూర్ క్షిపణుల విషయంలో ఇది బాగా తేటపడుతుంది.

తొలితరం క్షిపణిని గన్నర్ చేతికర్రతో నడపవలసి వచ్చేది. ఎగిరే క్షిపణిని, దూరాన ఉన్న ట్యాంకును ఏకకాలంలో చూస్తూ రెంటినీ కలపాలి. దీనికి దీర్ఘమైన శిక్షణ కావాలి. మిలాన్, కాంకర్స్ రెండవ తరానివి. వీటిలో గన్నర్ దూరదర్శినిలోని గుర్తును ట్యాంకుపై నిలిపి ఉంచితే చాలు. క్షిపణి వెనుక వెలిగే దీపాన్ని లాంచర్ గమనించి, దారి తప్పినంత మేరకు సన్నని తీగ ద్వారా దిద్దుబాటు సంకేతాలు పంపుతుంది. శిక్షణ భారం తగ్గింది, గురి మెరుగుపడింది.

కాంకర్స్–ఎం గరిష్ఠ దూరం 4,000 మీటర్లు. అంత దూరం చేరడానికి 19 సెకన్లు పడుతుంది. కాగితం మీద ఇది చిన్న అంకె. మైదానంలో మాత్రం ఆ 19 సెకన్లూ గన్నర్ కదలకూడదు, కన్ను తిప్పకూడదు. ప్రయోగించగానే లేచే పొగ, ధూళి అతని స్థానాన్ని శత్రువుకు చూపుతాయి. ఎదుటి ట్యాంకు, దాని వెంట ఉన్న పదాతులు అటువైపు కాల్పులు మొదలుపెడతారు. అతడు తల దించితే క్షిపణి గురి తప్పుతుంది.

కాబట్టి "ఇంకా ఎక్కువ దూరం పోయే క్షిపణి కావాలి" అనే కోరికను యథాతథంగా స్వీకరిస్తే, దూరంతోపాటు గన్నర్ ప్రమాదకాలం కూడా పెరుగుతుంది. అవసరాన్ని సరిగా చెప్పాలంటే, ప్రయోగించిన మరుక్షణం సైనికుడు అక్కడి నుంచి తప్పుకోగలగాలి అని చెప్పాలి. మూడవ తరం క్షిపణుల భావన అక్కడ పుట్టింది. లక్ష్యాన్ని ముందుగా చూపితే, తరువాత క్షిపణి తనంతట తానే దానిని వెంటాడుతుంది. 1983లో ప్రారంభమైన సమగ్ర క్షిపణి అభివృద్ధి కార్యక్రమంలో పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్‌లతోపాటు నాగ్‌ను చేర్చడంలోని ఆంతర్యం ఇదే. అప్పటి డీఆర్‌డీఎల్ సంచాలకులు ఏ.పీ.జె. అబ్దుల్ కలాం ఆ కార్యక్రమానికి సారథ్యం వహించారు.

5. అర్హతల పత్రమూ ఎడారి మధ్యాహ్నమూ

సైన్యం తన అవసరాన్ని "జనరల్ స్టాఫ్ క్వాలిటేటివ్ రిక్వైర్‌మెంట్స్" అనే పత్రంలో నమోదు చేస్తుంది. పౌర పరిశ్రమలో వస్తు అర్హతల పత్రం అనేది దీనికి సమానం. నాగ్ విషయంలో నాలుగు కిలోమీటర్ల దూరం ఒక ముఖ్యమైన అర్హత. క్షిపణి ముక్కులో అమర్చిన పరారుణ సీకర్ ట్యాంకు వెలువరించే వేడిని పరిసరాల వేడి నుంచి వేరుచేసి చూస్తుంది. రాత్రివేళ, చలికాలంలో ఇది సులువు. రాజస్థాన్ ఎడారిలో వేసవి మధ్యాహ్నం ఇసుక కూడా ట్యాంకుతో సమానంగా కాగిపోతుంది. అప్పుడు సీకర్‌కు ట్యాంకు కనబడడమే కష్టం. లక్ష్యాన్ని గుర్తించగల దూరం తగ్గిపోయింది. సీకర్ స్పష్టతను పెంచే పని కొన్నేళ్లు సాగింది. 2019 జూలైలో పోఖ్రాన్‌లో పగలు, రాత్రి వేళల్లో జరిగిన ప్రయోగాలు సఫలమయ్యాయి. అసలు వార్‌హెడ్‌తో తుది పరీక్ష 2020 అక్టోబరు 22న జరిగింది. క్షిపణి తొలిసారి ఎగిరింది 1990లో.

జపాన్ ఆచార్యుడు నొరియాకి కానో 1984లో ప్రతిపాదించిన వర్గీకరణ ఇక్కడ ఉపకరిస్తుంది. కొన్ని గుణాలు ఉండి తీరాలి. ఉన్నందుకు ఎవరూ మెచ్చుకోరు, లేకుంటే వస్తువునే తిరస్కరిస్తారు. కొన్ని ఎంత పెరిగితే అంత తృప్తినిస్తాయి. మరికొన్ని అడగకపోయినా ఆనందపరుస్తాయి. ట్యాంకు పైకప్పు కవచం పలుచన కాబట్టి పైనుంచి దాడిచేసే సామర్థ్యం నాగ్‌కు ఆకర్షణ. దూరం పెరిగేకొద్దీ మెచ్చుకోదగిన గుణం. కాని "ఏ ఋతువులోనైనా పనిచేయడం" ఉండి తీరవలసిన గుణం. నాలుగు కిలోమీటర్లు అనే అంకెను పత్రంలో రాసినప్పుడు అది ఏ గంటకు, ఏ ఋతువుకు అన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. అర్హతను అంకెగా మాత్రమే కాక, వాడే పరిస్థితితో కలిపి రాయాలన్న నియమం ఈ కారణంగానే ఏర్పడింది.

పటాన్‌చెరులో 1972 నుంచి పనిచేస్తున్న ఇక్రిశాట్ వంటి పంటల పరిశోధన సంస్థలు సైతం కొత్త వంగడానికి ముందుగా "ప్రొడక్ట్ ప్రొఫైల్" రాసుకునే పద్ధతికి వచ్చాయి. దిగుబడి ఎంత అనే ప్రశ్నతోపాటు ఏ నేలలో, ఎంత వానకు, ఏ వంటకు అనేవి అందులో ఉంటాయి.

6. సమగ్ర వస్తువు

క్షిపణి ఒక్కటే వస్తువు అనుకుంటే పొరపాటు. సైన్యానికి కావలసినది క్షిపణి, దానిని మోసే వాహనం, శిక్షణ పరికరం, నిల్వ వసతి, మరమ్మతు వ్యవస్థ అన్నీ కలిసిన ఒక మొత్తం. దీనిని "సమగ్ర వస్తువు" అనవచ్చు. నాగ్ వాహనమైన నమికా, బీఎంపీ–2 రకం పదాతి పోరాట శకటం ఆధారంగా రూపొందింది. ఆ శకటాలు చేసే మెదక్ ఆయుధ కర్మాగారం సంగారెడ్డి జిల్లాలోని ఎద్దుమైలారంలోనే ఉంది. 2008లో ఐఐటీ హైదరాబాద్ తొలి తరగతులు జరిగింది కూడా ఆ ఆవరణలోనే.

2010లో 443 నాగ్ క్షిపణులు, 13 వాహనాల కొనుగోలుకు సంసిద్ధత వ్యక్తమైంది. ఆ తరువాత సైన్యం వాహనంలో మార్పులు కోరింది. క్షిపణి ఎంత పరిణతి చెందినా వాహనం రూపం ఖరారు కానంతకాలం వస్తువు సిద్ధం కానట్లే. ఈలోగా 2014లో రక్షణ కొనుగోళ్ల మండలి పదాతిదళం కోసం ఇజ్రాయెల్ స్పైక్ క్షిపణిని ఎంపిక చేసింది. 2018 ఏప్రిల్‌లో 524 కోట్ల రూపాయల అంచనాతో నాగ్ వ్యవస్థ కొనుగోలుకు ఆ మండలే ఆమోదం తెలిపింది. 2025 మార్చిలో రక్షణ మంత్రిత్వశాఖ 1,801.34 కోట్ల విలువైన ఒప్పందం కుదుర్చుకున్నది. ఆ ఒప్పందం క్షిపణి సంస్థతో కాక, ఎద్దుమైలారం కర్మాగారం అంతర్భాగంగా ఉన్న ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ సంస్థతో జరిగింది. సమగ్ర వస్తువు అనే భావన ఎంత ఆచరణాత్మకమైనదో ఈ ఒక్క సంతకం తెలుపుతుంది.

1983 నుంచి 2025 వరకు నలభై రెండు సంవత్సరాలు. ఈ జాప్యాన్ని శాస్త్రజ్ఞుల వైఫల్యంగానో సైన్యం చపలత్వంగానో చిత్రించే రచనలు చాలా వచ్చాయి. రెండు వాదనలూ అసంపూర్ణాలే. ప్రాజెక్టు వేరు, వస్తువు వేరు. ప్రాజెక్టుకు ఆరంభం, గడువు, ముగింపు ఉంటాయి. వస్తువు ఆ ముగింపు తరువాతే జీవించడం మొదలుపెడుతుంది. నాగ్‌కు రూపకర్త ఒక సంస్థ, తయారీదారు వేరొకటి, వాహనం మరొకరిది, నాణ్యతకు ఇంకొకరు, వాడేది సైన్యం, డబ్బు ఇచ్చేది మంత్రిత్వశాఖ. మెకెల్రాయ్ లేఖలోని ఏక బాధ్యుడు ఈ వరుసలో ఎక్కడా కనబడడు.

7. ముగియని జీవితచక్రం

థియోడర్ లెవిట్ 1965లో ప్రాచుర్యంలోకి తెచ్చిన జీవితచక్ర సిద్ధాంతం ప్రకారం ప్రతి వస్తువుకూ ప్రవేశం, వృద్ధి, పరిణతి, క్షీణత అనే దశలుంటాయి. రెండవతరం క్షిపణులు ఈ రేఖను ధిక్కరించాయి. 1982 లెబనాన్ యుద్ధంలో ఇజ్రాయెల్ ట్యాంకులకు పేలుడు పలకల కవచం కనిపించింది. తాకిన క్షిపణి శక్తిని ఆ పలక తన పేలుడుతోనే చెదరగొడుతుంది. దీనికి విరుగుడుగా జంట వార్‌హెడ్‌లు వచ్చాయి. ముందున్నది పలకను పేల్చివేస్తే, వెనుకది అసలు కవచాన్ని చీల్చుతుంది. మిలాన్–2టీ, కాంకర్స్–ఎం ఈ కోవకు చెందినవి. వస్తువు పాతదే, ముఖ్యభాగం మాత్రం కొత్తది.

2021 మార్చిలో 4,960 మిలాన్–2టీ క్షిపణులకు 1,188 కోట్ల రూపాయల ఒప్పందం, 2022 ఫిబ్రవరిలో కాంకర్స్–ఎంకు 3,131.82 కోట్ల ఒప్పందం భారత్ డైనమిక్స్‌కు లభించాయి. నాగ్ తుది పరీక్ష విజయవంతమైన ఏడాదిన్నరలోపే ఈ రెండూ జరగడం గమనార్హం. లెవిట్ రేఖ ప్రకారం ఇది క్షీణదశ కావాలి. వారసుడు రాకపోవడం వల్ల పాత వస్తువుకు ఆయుష్షు పెరిగింది. కర్మాగారానికి ఇది పని, కార్మికునికి జీతం. గన్నర్‌కు మాత్రం ఆ 19 సెకన్లు అలాగే మిగిలాయి. వ్యాపార విజయాన్నీ వస్తు విజయాన్నీ ఒకే తూకపురాయితో తూచరాదనడానికి ఇంతకంటె వేరే నిదర్శనం అక్కరలేదు.

8. పరీక్షిస్తే మిగలని వస్తువు

ఎరిక్ రీస్ 2011 నాటి గ్రంథం తరువాత "కనీస ఆచరణీయ వస్తువు" అనే భావన విశేషంగా వ్యాపించింది. కొద్ది గుణాలతో వస్తువును త్వరగా వినియోగదారుల చేతిలో పెట్టి, వారి ప్రతిస్పందనను బట్టి మెరుగుపరచాలని దాని సారం. హైదరాబాదులోని సాఫ్ట్‌వేర్ సంస్థలకు ఇది నిత్యవాడుక. హైటెక్ సిటీలో వారానికొకసారి వస్తువును మార్చగలరు. గంట ప్రయాణ దూరంలోని భానూర్‌లో ఇది కుదరదు. క్షిపణి ఒక్కసారే వాడే వస్తువు. ప్రయోగించి చూస్తే పనిచేసిందని తెలుస్తుంది, కాని ఇక ఆ వస్తువు ఉండదు. అందువల్ల ఒక్కొక్క విడత నుంచి కొన్నిటిని తీసి ప్రయోగించి, వాటి ఫలితాన్నిబట్టి మిగిలినవాటిని ఆమోదిస్తారు. సైనికుడి చేతికి వచ్చేది ఎన్నడూ పరీక్షకు గురికాని క్షిపణి. దాని మీద నమ్మకం పూర్తిగా దాని తోటివాటి ప్రవర్తన మీద, తయారీ ఏకరూపత మీద ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ తయారీ నిర్వహణ, వస్తు నిర్వహణ మళ్లీ కలుసుకుంటాయి. భాగాలన్నీ ఒకేలా ఉండడమనే కర్మాగార క్రమశిక్షణే వస్తువు ప్రధాన గుణంగా మారుతుంది. ప్రథమ ప్రకరణంలో చేసిన విభజన బోధన సౌలభ్యానికి అవసరమే అయినా ఈ చోట అది నిలవదు.

9. ఆపడం, మార్చి అమ్మడం

వస్తు నిర్వహణలో అతి కష్టమైన నిర్ణయం ఆపివేత. త్రిశూల్‌ను 2008లో అధికారికంగా ముగించారు. అప్పటికే నౌకాదళం ఇజ్రాయెల్ బరాక్‌ను అమర్చుకొని ఉంది.

అదే కార్యక్రమంలోని ఆకాశ్ భిన్నమైన దారి పట్టింది. 2015లో పదాతి, వైమానిక దళాలు రెండూ దానిని స్వీకరించాయి. భారత్ డైనమిక్స్ పదాతిదళానికి, భారత్ ఎలక్ట్రానిక్స్ వైమానికదళానికి ప్రధాన సరఫరాదారులు. 2020 డిసెంబరు 30న కేంద్ర మంత్రివర్గం ఆకాశ్ ఎగుమతిని అనుమతించింది. ఎగుమతి చేసే రూపం భారత దళాల వద్ద ఉన్నదానికి భిన్నంగా ఉంటుందని అప్పుడే ప్రకటించారు. కొనుగోలుదారుని బట్టి రూపాంతరం నిర్ణయించడం విపణి విభజనలో ప్రాథమిక పాఠం. దీనికి డ్రాయింగు మీద అధికారం ముందుగా కావాలి. మిలాన్‌కు గాని కాంకర్స్‌కు గాని అటువంటి రూపాంతరాన్ని భానూర్ తనంతట తాను ప్రకటించలేదు.

భారత్ డైనమిక్స్ తన సొంత పరిశోధన విభాగంలో అమోఘ పేరుతో ట్యాంకు విధ్వంసక క్షిపణులను రూపొందిస్తున్నది. అమోఘ–1 రెండవ తరానిది, అమోఘ–3 మూడవ తరానిది. పరదేశపు డ్రాయింగులతో మొదలైన సంస్థకు ఇందులో దూరం ఎంత, బరువు ఎంత, ఏ గుణం ముందు, ఏది తరువాత అనే ప్రశ్నలు తొలిసారి తన బల్ల మీదికి వచ్చాయి.